బానెట్ కింద కుంకుమ

నడుములో డిస్కు జారాక డాక్టరు స్కూటరూ వద్దు, బస్సూ వద్దన్నాడు. మేముండేది విజయనగరంలో, నేను పాఠాలు చెప్పేది గరివిడిలో. సెలవు అయిపోయేలోగా కారు దొరక్కపోతే ఉద్యోగం మానుకోవాల్సిందే. అందుకే అరసవల్లిలో ఒక పాత కారు అమ్మకానికి ఉందని తెలియగానే మా ఆయన్నీ అత్తనీ వెంటబెట్టుకుని పరుగెత్తాను. పరుగెత్తానంటే, టాక్సీ వెనక సీట్లో పడుకుని వెళ్లానని అర్థం.

కారు యజమాని బట్టల కొట్టు పెద్దాయన. ఆయన బానెట్ ఎత్తగానే అగరొత్తుల వాసన వచ్చింది. లోపల పసుపు, కుంకుమ, ఎండిపోయిన బంతిపూలు. బ్యాటరీ చుట్టూ ఎర్రెర్రగా పెచ్చులు. అందులో ఏది కుంకుమో, ఏది తుప్పో నిలబడి చూస్తే తెలియడం లేదు. నేనేమో వంగలేను.

మా వీధి మెకానిక్ ముందే చెప్పి పంపాడు. బ్యాటరీ కింది రేకు తుప్పుపడితే కొత్తది వేసుకోవచ్చట. దాని కింద బరువంతా మోసే ఇనుప బద్ద మెత్తబడితే మాత్రం కారు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దట. స్క్రూడ్రైవరుతో గీకి, పొడిచి చూడమన్నాడు.

మా ఆయన స్క్రూడ్రైవరు తీశాడు.

“ఒరే, కుంకం మీద ఇనుము పెడతావేట్రా?” అంది మా అత్త.

“అది తుప్పు కాదమ్మా,” అన్నాడు పెద్దాయన నొచ్చుకుని. “పెతి ఆదోరం పూజ సేస్తన్నాం. ఇంజనుకి కొబ్బరినీళ్లు పొయ్యకుండా ఒక్క వారమైనా ఉన్నామేటి?”

తుప్పు ఎలా వచ్చిందో ఆయన నోటితోనే బయటపడింది. మా అత్తకు మాత్రం ఆయన మీద గౌరవం పెరిగింది. బ్యాటరీకి అటూ ఇటూ వేళ్లు అద్ది, కళ్లకద్దుకుని, ఒకవైపుది తనకూ, ఇంకోవైపుది నాకూ బొట్టు పెట్టింది.

మా ఆయనకు అందులో ఒక పరీక్ష కనిపించింది. మమ్మల్నిద్దరినీ ఎండలో నిలబెట్టి నుదుళ్లు చూశాడు. పెద్దాయన లోపలికెళ్లి కళ్లజోడు తెచ్చుకున్నాడు. నా బొట్టు ఎర్రగా ఉందట, అత్తది ఇటుక రంగులో ఉందట. ఒకవైపు కుంకుమ, ఇంకోవైపు తుప్పు అని మా ఆయన. చెమటకు రంగు మారిందని పెద్దాయన. కారును వదిలేసి ఇద్దరూ మా మొహాల మీద వాదించుకుంటుంటే నాకు నవ్వాగలేదు. నవ్వితే నడుము పట్టేసింది.

చివరికి మా ఆయన స్క్రూడ్రైవరు జేబులో పెట్టేసుకున్నాడు.

“దేవుడితో గొడవెందుకు? పోనీ, నువ్వు ఉద్యోగం మానియ్యకూడదేటి?”

అంత తేలిగ్గా అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కుంకుమ గీకడానికి భయపడిన మనిషికి నా ఉద్యోగం గీకి పారేయడానికి భయం వేయలేదు.

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవరు లాక్కుని, ప్రాణం పోతున్నట్టున్నా వంగాను. బ్యాటరీ కింది రేకు అప్పడంలా విరిగింది. దాని కింద బద్దను గట్టిగా పొడిచాను. దిగలేదు. మళ్లీ పొడిచాను. ఖంగుమంది.

“పాపమొస్తాదే,” అంది మా అత్త మెల్లగా.

“రానీ అత్తా, నాకే రానీ.”

కారు గట్టిదే. నేనే ఇక నిటారుగా లేవలేకపోయాను. వంగినదాన్ని వంగినట్టే ఉండి, ఇంజను వైపే చూస్తూ, తాళంచెవి కోసం పెద్దాయన ముందుకు చెయ్యి చాపాను.