గాజుసీసా లేని ఇల్లు

పాత డబ్బాలతో ఇల్లు అందంగా సర్దుకోవడం ఎలా అని ఆదివారం పత్రికలో రంగుల బొమ్మలు వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డబ్బాకి పూల కాగితం అంటించాలట, బొత్తాలు ఒకదాంట్లో, దారాలు ఒకదాంట్లో పోసుకోవాలట. మా అమ్మకి ఈ విద్య ఏ పత్రికా నేర్పలేదు. మా నాన్న చెయ్యి నేర్పింది.

డెబ్బైల చివర్లో మేం రేవు పక్కన జ్ఞానాపురంలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. నాన్న రేవులో సరుకు దించే కలాసీ. ఓడల్లో ఖాళీ అయిన డబ్బాలు ఇంటికి తెచ్చేవాడు. బిస్కెట్లవి, కాఫీపొడివి, పెయింటువి. అమ్మ వాటిని కిరసనాయిలు పోసి కడిగి, ఇటుకపొడితో తోమి, ఎండబెట్టి కుట్టుమిషను సామాను పెట్టుకునేది. వీధిలో ఆడవాళ్ళ జాకెట్లన్నీ అమ్మే కుట్టేది. రేవులోంచి ఎర్రదుమ్ము వచ్చి బట్టల మీద పడుతుంది కదా, అందుకే అన్నిటికీ మూతలు అని వచ్చినవాళ్ళకి చెప్పేది. అందులో సగమే నిజం.

అమ్మ సర్దుడు లెక్క వేరు. చేతికందే అరలో, విసిరినా దెబ్బ తగలనివి మాత్రమే ఉండేవి. దారపు ఉండలు, గుడ్డముక్కలు, పాత ప్యాంటు కాలితో కుట్టిన సంచిలో బొత్తాలు. బరువైనవన్నీ అటకెక్కేవి. సూదులు పౌడరు డబ్బాలో దూది మధ్య దాక్కునేవి. కత్తిపీటని గోనెలో చుట్టి బియ్యం డబ్బా వెనక పెట్టేది. గాజుసీసా అన్నది మా ఇంట్లో లేదు. మా ఊరగాయ జాడీ కూడా పక్కింట్లోనే ఉండేది, కావలసినప్పుడు గిన్నె పట్టుకెళ్ళి తెచ్చుకునేవాళ్ళం.

అందరిళ్ళూ ఇలాగే ఉంటాయనుకునేదాన్ని. ఒకసారి బడిలో స్నేహితురాలింటికి వెళ్ళాను. వంటింట్లో వరసగా గాజుసీసాలు, గోడకి కత్తి, గూట్లో పింగాణీ కప్పులు. వీళ్ళ నాన్నకి చేతుల్లేవా అనుకున్నాను.

మా ఇంట్లో అన్నిటికంటే జాగ్రత్తగా దాగేది కత్తెర. తాత అమ్మకి కొనిచ్చిన పెద్ద దర్జీ కత్తెర అది. నాన్న ఒకసారి దాన్ని విసిరితే అమ్మ మోచేతి కింద చీరుకుపోయింది. ఆ గాయం మానకముందే అమ్మ కత్తెరకి పెయింటు డబ్బా ఒకటి చూసి పెట్టింది. దాని మూత అంచులోకి కూరుకుపోయే రకం. చెంచా కాడ దూర్చి చుట్టూ కొంచెం కొంచెం లేపితే గానీ రాదు. "ఈ మూత తీసేలోగా ఎవులికైనా కోపం సల్లారిపోద్దే," అనేది నాతో. బడి నుంచి రాగానే దాన్ని తెరిచి అమ్మకివ్వడం నా పని.

నాకు పదకొండేళ్ళప్పుడు, ఒక సాయంత్రం, ఎదురింటి పెళ్ళికూతురి పట్టుబట్ట చాప మీద పరిచి అమ్మ సుద్దతో గీతలు గీస్తోంది. నేను పెయింటు డబ్బా దించి పక్కన పెట్టుకుని చెంచా కోసం లేచాను. అప్పుడే నాన్న వచ్చాడు. షిఫ్టు దిగి దారిలో తాగాడని నడకే చెప్పింది.

"ఏటే, రేవులో నన్నేటంటన్నారో తెల్సా? జాకెట్లోడంటన్నారు. ఏం బావా, కొలతలు కూడా నువ్వే తీత్తన్నావా అనడుగుతన్నారు. ఏదీ ఆ కత్తెర? ఈయాల గెడ్డ నీళ్ళల్లో పారేత్తాను."

అమ్మకి ఆయన మేనత్త కొడుకు. "ఆళ్ళకేటి పని బావా," అంది అమ్మ, తలెత్తకుండా. "ఎల్లుండి పెళ్ళి. ఆ కత్తెర పోతే నానేటి సేసి ఈ పిల్లని సాకుతాను? నీ జీతం సారా కొట్టుకే సాలదు."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. నాన్న ఆమె కుడిచెయ్యి పట్టి వెనక్కి విరిచాడు. ఎక్కడెట్టినావు అని అడుగుతూనే రెండో చేత్తో చెంప మీద కొట్టాడు. ఆ విసురుకి అమ్మ తల మిషను చక్రానికి తగిలి చెవి దగ్గర నెత్తురొచ్చింది. అయినా నోరు విప్పలేదు. ఆమెని వదిలేసి నాన్న డబ్బాల మీద పడ్డాడు. బాబిన్లు, హుక్కులు, కందిపప్పు అన్నీ ఒకే కుప్పగా నేల మీద పోశాడు. పౌడరు డబ్బా బోర్లిస్తే సూదులు రాలాయి. ఒకటి ఆయన పాదంలోనే దిగింది. దాంతో ఆయనకి వెర్రెత్తిపోయింది. మిషన్ని కాలితో తన్నాడు, పట్టుబట్టని ఆ నెత్తుటి పాదంతోనే తొక్కాడు.

చివరికి చాప పక్కనున్న పెయింటు డబ్బా కంటపడింది. తీసి ఊపాడు, లోపల ఇనుము మోగింది. మూత గోటితో లేపబోతే గోరు విరిగింది. పళ్ళతో పట్టినా రాలేదు. డబ్బా నా ముందుకి విసిరి అమ్మ జుట్టు పట్టుకుని వంచాడు.

"నీ సేతిలో సెంచా ఇందుకే గదే. తియ్యి. తియ్యకపోతే దీని సెయ్యిరిసేత్తాను."

తీస్తే కత్తెర పోతుంది. తీయకపోతే చెయ్యి పోతుంది. ఏది పోయినా మా ఇంట్లో పొయ్యి వెలగదు. నాకు భయం వేయలేదని ఇప్పుడు గొప్పకి చెప్పడం లేదు, నిజంగానే వేయలేదు. అచ్చం నాన్న కోపమే నాకొచ్చిందని అందరూ అనేవారు. అది ఆ పూట పనికొచ్చింది. చెంచా వదిలేసి డబ్బా రెండు చేతులతో ఎత్తాను. అమ్మని వంచడానికి ఆయనా వంగి ఉన్నాడు కాబట్టి నుదురు నాకు సరిగ్గా అందింది. బలంకొద్దీ కొట్టాను. ఒక్కదెబ్బతో ఆగలేదు, భుజం మీద ఇంకోటి వేశాను. నాన్న అమ్మ జుట్టు వదిలేసి ఆ కందిపప్పులో కూలబడ్డాడు. కనుబొమ్మ మీంచి నెత్తురు గడ్డం దాకా కారింది.

అమ్మ లేచి ముందు డబ్బా నా చేతిలోంచి లాక్కుంది. తర్వాత నా చెంప పగలగొట్టింది. "నాన్న మీద సెయ్యెత్తుతావా!" అంది. ఆ వెంటనే నన్ను పొట్టకి అదుముకుంది. ఇంకాసేపటికి లైనింగు గుడ్డ చింపి నాన్న తలకి కట్టు కట్టింది. మా అమ్మ మీద నాకు అప్పుడు వచ్చినంత కోపం నాన్న మీద కూడా రాలేదు.

నాన్న తల గట్టిదని అమ్మమ్మ ఎప్పుడూ అనేది. నిజమే, డబ్బా అంచు సొట్టబోయి మూత బిగుసుకుపోయింది. తెల్లారి ఎంత గింజుకున్నా రాలేదు. చెంచా కాడ వంగిపోయింది, అమ్మ చెయ్యి వాచిపోయి ఉంది. మరక కడిగి ఆరేసిన పట్టుబట్ట చాప మీద అలాగే ఎదురుచూస్తోంది. కట్టుతో మూల కూర్చున్న నాన్న ఇదంతా చూసి, పక్కింట్లో ఉలి, సుత్తి అడిగి తెచ్చాడు. పెరట్లో కూర్చుని డబ్బా కోయడం మొదలెట్టాడు. సుత్తి పడినప్పుడల్లా అమ్మ ఉలిక్కిపడేది. రేకు అంచు తగిలి ఆయన వేలు తెగింది. కత్తెర బయటికి తీసి, చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. నేను రోకలి దగ్గర నిలబడ్డాను. ఆయన నన్ను చూశాడు, రోకలిని చూశాడు. కత్తెర మిషను చెక్క మీద పెట్టి, మొహం కడుక్కుని షిఫ్టుకి వెళ్ళాడు. అమ్మ ఆ వాచిన చేత్తోనే జాకెట్టు కోసి కుట్టి పెళ్ళికి అందించింది.

ఆ రోజు నుంచి ఆయన మారిపోయాడని రాస్తే బావుంటుంది. మారలేదు. తాగాడు, తిట్టాడు, చెయ్యీ ఎత్తాడు. ఎత్తిన చెయ్యి మాత్రం, నేనెక్కడున్నానో చూసుకుని దిగిపోయేది.

అమ్మ కత్తెరకి ఇంకో డబ్బా వెతకలేదు. మిషను పైన గోడకి మేకు కొట్టి, అందరికీ కనబడేలా తగిలించింది. కత్తిపీట గోనెలోంచి బయటికొచ్చింది. జాడీ పక్కింటి నుంచి వచ్చేసింది. కొన్నేళ్ళ తర్వాత, స్టీలుప్లాంటు కడుతున్న రోజుల్లో ఒకసారి అమ్మ ఎవరింటి నుంచో గాజుసీసా ఒకటి తెచ్చి, బొత్తాలు నింపి అర అంచున పెట్టింది.

నాన్న బూట్లేసుకుంటూ దాన్ని చూశాడు. "అంత అంచునెట్టినావేటి? పడి పగిలిపోద్ది."

"దానికదే పడదు బావా," అంది అమ్మ, మిషను తొక్కడం ఆపకుండా. "ఎవులో పడెయ్యాల."

నాన్న నా వైపు చూశాడు. తర్వాత సీసాని వేలితో కొంచెం లోపలికి జరిపి, షిఫ్టుకి వెళ్ళిపోయాడు.