అప్రైజల్ ఫారంలో ఒప్పుకోలు

గురుగ్రామ్‌లోని మా ఆఫీసులో ఏటా ఎవరి పని గురించి వాళ్లే అప్రైజల్ ఫారంలో రాసుకోవాలి. చర్చి సంఘంలో తప్పులు ఒప్పుకుంటూ పెరిగినవాణ్ణి గనుక, ఒక రిపోర్టు నావల్లే ఆలస్యమైందని రాశాను. మిగతావాళ్లు తమ విజయాలే రాశారు. టీములో ఒకరికి అట్టడుగు రేటింగు ఇచ్చి తీరాలి. అది నాకు వచ్చింది.

“అరే భయ్యా, ఇదేమన్న చర్చి అనుకున్నవా? నువ్వే రాసిచ్చినవ్, ఇంక నేనేం చెయ్యాలె?” అన్నాడు హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనేజరు.

ఆ రేటింగు వచ్చినవాణ్ణి కొన్ని నెలల్లో పంపేస్తారని అందరికీ తెలుసు. మర్నాడు మధ్యాహ్నం టీమంతా వేరే బల్ల దగ్గర కూర్చుంది. నాతో కనిపిస్తే తమకూ ముప్పని వాళ్ల భయం. నేను టిఫిన్ డబ్బా తెరిచి, కళ్లు మూసుకున్నాను. అలా రాయడం తప్పని ప్రభువుతో చెప్పలేకపోయాను. ఆమెన్ అన్నాక ఖాళీ కుర్చీలు చూడాలి కదా అని, అన్నం చల్లారేదాకా ప్రార్థిస్తూనే ఉన్నాను.