ఏడో గదిలో ఓజెల్లా

వెర్నా ప్రూయిట్ తన నలభై ఆరో ఏట కౌంటీ వాళ్ళ కుక్కల షెల్టరులో పనికి చేరింది. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు కోళ్ళ ఫ్యాక్టరీలో కోళ్ళు కోసింది. మణికట్లు రెండూ పాడైపోయి, పొద్దున లేస్తే కాఫీ కప్పు కూడా పట్టుకోలేని స్థితికి వచ్చాక ఫ్యాక్టరీ వాళ్ళు ఒక కేకు కోసి ఇంటికి పంపించేశారు. షెల్టరులో ఏం పని వచ్చని అడిగితే కడగడం వచ్చు అంది. గొప్పలు చెప్పుకోవడం ఆమెకు చేతకాదు. అప్పట్నుంచి పదిహేనేళ్ళుగా ఆర్కన్సా కొండల్లోని మా రేకుల షెడ్డులో రోజూ పొద్దున ఏడింటికల్లా పన్నెండు గదులూ కడుగుతూనే ఉంది.

ఆమె చేరినప్పుడు అక్కడి కుక్కలకు నంబర్లే ఉండేవి. ఫ్యాక్టరీలో వెర్నాను కూడా పద్దెనిమిదేళ్ళూ "పద్నాలుగూ" అనే కేకేశారు. లైనులో ఆమె నిలబడే చోటు నంబరు అది. అందుకని నంబర్లంటే ఆమెకు ఒళ్ళుమంట. చేరిన వారంలోనే కుక్కలకు పేర్లు పెట్టడం మొదలుపెట్టింది. అందులో ఆమెకో పద్ధతి ఉంది. రోడ్డు మీద దొరికిన కుక్కను ఐదు రోజులు ఊరికే ఉంచాలి, సొంతదారు వెతుక్కుంటూ వస్తాడేమోనని. ఆ ఐదు రోజులూ పేరు పెట్టదు. ఒకరి కుక్కకు ఇంకొకరు పేరు పెట్టడం మర్యాద కాదంటుంది. ఆరో రోజు గది కడిగి, నేల మీద పాత పేపర్లు పరిచేటప్పుడు చావుకబుర్ల పేజీ కోసం వెతికి, అందులోంచి ఒక పేరు ఏరుకుంటుంది.

ఆ పేపర్లన్నీ మా కౌంటీ వారపత్రికవే. ఇళ్ళు సర్దుకున్నప్పుడల్లా జనం కట్టలు కట్టి షెల్టరులో పడేసి పోతారు. అన్నీ ఏళ్ళ నాటివి. చనిపోయినవాళ్ళు చనిపోయి చాలాకాలమై ఉంటుంది, ఏడ్చేవాళ్ళు ఏడ్చి ఊరుకుని ఉంటారు. "మంచి మంచి పేర్లు. వాడుకునేవాళ్ళు లేక ఊరికే పడున్నాయి" అనేది వెర్నా. అలా ఎల్మర్, బ్యూలా, క్లెటస్, ఆర్డెత్ అనే పేర్లు మళ్ళీ నాలుగు కాళ్ళ మీద కౌంటీలో తిరగసాగాయి. పేరు తీసుకున్నాక ఆ కబురును కత్తిరించి, గది తలుపుకు వేలాడే కార్డు వెనక, ప్లాస్టిక్ కవరులో పెట్టేది. ఎవరి పేరు తీసుకుందో మరిచిపోతే బాగుండదని ఆమె ఉద్దేశం.

ఇక ఆ కార్డుల సంగతి. షెల్టరు నడిపే డార్లా హకబీకి ముప్పై నాలుగేళ్ళు, కాలేజీలో చదువుకుని వచ్చిన మనిషి, మంచిదే. కార్డులు కుక్క తనే రాసుకున్నట్టు తియ్యతియ్యగా ఉండాలంటుంది: నేను ముద్దుల మూటని, నా మనిషి కోసం ఎదురు చూస్తున్నాను అని. వెర్నా మూతి విరిచేది. ఏ కుక్కా అలా మాట్లాడదంటుంది. ఆమె తన వంకర అక్షరాలతో ముందు దోషాలే రాసేది. చెప్పులు కొరుకుతుంది. టోపీ పెట్టుకున్న మగవాళ్ళంటే భయం. కారెక్కితే వాంతి చేసుకుంటుంది. ఇవన్నీ చదివి కూడా తీసుకెళ్ళినవాడు వెనక్కి తెచ్చి వదలడని ఆమె నమ్మకం. జాలిపడి తీసుకెళ్ళినవాడే పదో రోజుకి తిరిగొస్తాడు. ఈ విషయంలో లెక్క తీస్తే వెర్నాయే గెలిచేది కాబట్టి డార్లా ఊరుకుంది.

ఈ ఫిబ్రవరిలో ఏడో గదికి ఒక వేటకుక్క వచ్చింది. ఆడది, పదకొండేళ్ళు దాటిన ముసలిది, మూతి అంతా నెరిసిపోయింది. ఒక చెవి చిరిగింది. వేటకాలం అయిపోగానే పనికిరాని కుక్కల్ని అడవిదారిలో దింపేసి చేతులు దులుపుకునే మనుషులు మా దగ్గర ఉన్నారు, వాళ్ళ మొహం మండా. ఐదు రోజులు చూశారు, ఎవరూ రాలేదు. ఆరో రోజు వెర్నా కొత్తగా వచ్చిన పేపర్ల కట్ట విప్పింది. పైనే ఓజెల్లా టాకెట్ అనే ఆవిడ చావుకబురు కనబడింది. గుండ్రటి ముఖం, ముత్యాల దండ, ఫోటో తీసేవాడి మీద కోపంగా ఉన్నట్టు చూపు. పేరు బాగా నచ్చింది వెర్నాకు. తేదీ చూడలేదు. పదిహేనేళ్ళలో ఎప్పుడూ చూడాల్సిన అవసరం పడలేదు.

ఆరు వారాలు గడిచాయి. రెండు వారాలకోసారి ఉత్తరాదికి వ్యాను వెళ్తుంది, అక్కడ కుక్కల్ని తీసుకునేవాళ్ళు ఎక్కువ. ఎనిమిదేళ్ళు దాటినవాటిని ఆ వ్యాను వాళ్ళు ఎక్కించుకోరు. ఇక్కడ వచ్చినవాళ్ళేమో ఏడో గది ముందు ఆగి, కార్డు చదివి, పాపం అని పక్క గదికి పోయేవాళ్ళు. మంగళవారం నాడు డార్లా వెర్నాను ఆఫీసులోకి పిలిచింది. ఒక ఇంట్లో తిండి పెట్టకుండా కట్టేసిన పదకొండు కుక్కల్ని పోలీసులు విడిపించారని, గురువారం మధ్యాహ్నం అవన్నీ ఇక్కడికే వస్తాయని, ఒకదాంట్లో రెండేసి సర్దినా ఒక గది తక్కువవుతుందని చెప్పింది. అన్నిటికంటే ఎక్కువ రోజులుగా ఉన్నది, ఎవరూ తీసుకోనిది ఏడో గదిలో ఉంది. గురువారం పదకొండింటికి పశువుల డాక్టరు వచ్చి దానికి సూది వేస్తాడు, అది ఇక లేవదు. ఇది చెబుతూ డార్లా ఏడ్చింది. వెర్నా ఏడవలేదు గానీ, తనే తీసుకెళ్దామని ఇంటి ఓనరుకు ఫోను చేసింది. ఇప్పటికే రెండున్నాయి కదా, మూడోదాన్ని తెస్తే మూడిటితో పాటు నువ్వూ ఖాళీ చెయ్యి అన్నాడతను. చెల్లెలికి చేసింది, చర్చిలో తెలిసిన నలుగురికీ చేసింది. అందరికీ ఏదో ఒక ఇబ్బంది ఉంది.

బుధవారం పొద్దున ఆమె ఏడో గది కడుగుతోంది. కుక్క పేపర్ల మీంచి లేవనని మొండికేసింది.

"ఓజెల్లా, లేవే. నీ కింద తడిసిపోతోంది. ఎన్నిసార్లు చెప్పించుకుంటావే, మొండిఘటమా" అని గొంతెత్తింది వెర్నా.

వెనక్కి తిరిగేసరికి నడవలో ఒక పొడుగాటి ముసలాయన నిలబడి ఉన్నాడు. పనివాళ్ళు తొడుక్కునే ఓవరాల్స్ వేసుకున్నాడు. చేతుల్లో అట్టపెట్టె, దాన్నిండా తువ్వాళ్ళు. అప్పుడప్పుడూ జనం తెచ్చి ఇచ్చేలాంటివే. ఆయన పెట్టె కింద పెట్టలేదు. కార్డు వంక చూశాడు, చదివాడు, ఒక చేత్తో దాన్ని వెనక్కి తిప్పాడు. ముత్యాల దండ వేసుకున్న ఆవిడ ఆయన్ని కోపంగా చూస్తోంది.

"ఈ పేరు ఎవరు పెట్టారమ్మా?" అన్నాడు.

మా మేనత్త పేరని ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఫోటో ఆయన చేతిలో ఉంది. వెర్నా ఉన్నదున్నట్టు చెప్పేసింది. చెబుతూనే కబురు మీద తేదీ చూసింది. జనవరి నెలాఖరు, అదీ ఈ ఏడాదిదే.

ఆయన పేరు హోలిస్ టాకెట్. కలప మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పన్నెండేళ్ళుగా వెనక వసారాలో దాచిన పేపర్లన్నీ ఆవిడ పోయిన వారానికి ఆయనే ట్రక్కులో వేసుకొచ్చి ఇక్కడ దింపిపోయాడు. ఆ హడావిడిలో ఆయన వదిన ఆ వారం పేపరు కూడా కట్టలో పెట్టి కట్టేసింది.

"తప్పయిపోయిందయ్యా" అంది వెర్నా. "పాతవనుకున్నాను."

"ఇంకా సమాధి రాయి కూడా నిలబెట్టలేదు" అన్నాడాయన. ఆయన అరవలేదు, అరిస్తే వెర్నాకు సుఖంగా ఉండేది. "మా ఆవిడకి కుక్కలంటే పడదమ్మా. నలభై మూడేళ్ళలో ఒక్క కుక్కని గడప తొక్కనివ్వలేదు. ఆ పేరు తీసెయ్యండి."

ఆమె కార్డు తీసేసింది. ఆయన ఫోటో ఉన్న ముక్కను జేబులో పెట్టుకుని, ఇవ్వడానికి తెచ్చిన తువ్వాళ్ళ పెట్టెను కూడా అలాగే మోసుకుంటూ వెళ్ళిపోయాడు.

డార్లా అంతా విన్నది. ఇక నుంచి పేర్లు తనే పెడతానని, చనిపోయినవాళ్ళ జోలికి వెళ్ళొద్దని గట్టిగానే చెప్పింది. వెర్నా కొత్త కార్డు మీద పాత దోషాలే మళ్ళీ రాసి, పేరుండే చోట ఖాళీ వదిలింది. ఒక రోజు బతుకుకి ఇంకో పేరు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. మధ్యాహ్నం డార్లా డాక్టరుకు ఫోను చేసి "రేపు ఏడో నంబరు" అనడం వినబడినప్పుడు మాత్రం బయటికెళ్ళి నీళ్ళ గొట్టం దగ్గర నిలబడి ఏడ్చింది. పదిహేనేళ్ళు నంబర్ల మీద పోట్లాడిన తను, చివరికి తన చేత్తోనే ఒకదాన్ని మళ్ళీ నంబరుగా మార్చేసింది.

గురువారం పొద్దున ఇంటి దగ్గర్నుంచి ఒక రొట్టె పొట్లం తెచ్చి, మొత్తం కుక్క ముందు పెట్టేసింది. కార్డు మీద రొట్టె దొంగ అని రాసి ఉంది. ఒక్కరోజైనా దొంగిలించకుండా తిననీ అనుకుంది. అది సగం తిని, మిగతా సగం పేపర్ల కింద దాచుకుంది.

పదింటికి హోలిస్ టాకెట్ మళ్ళీ వచ్చాడు, అదే పెట్టెతో.

"నిన్న తువ్వాళ్ళు ఇవ్వడం మరిచిపోయాను" అన్నాడు. పెట్టె కింద పెట్టాడు. వెళ్ళలేదు. "నిన్న మీరు దాన్ని తిట్టారు."

"తిట్టలేదయ్యా, ఊరికే కేకలేశాను."

"తిట్టారు. మొండిఘటమా అన్నారు" అని కాసేపు తన బూట్ల వంక చూసుకున్నాడు. "మా ఆవిడ పోయాక ఆ పేరు ఎవరూ అనడం లేదమ్మా. చర్చిలో వాళ్ళు 'మీ కష్టం' అంటారు. వదిన 'ఆవిడ' అంటుంది. ఆ పేరెత్తితే నేనక్కడే కూలబడతానని వాళ్ళ భయం. నిన్న మీరు అలా కేకేస్తే, నిజం చెప్తున్నా, ఆవిడ పక్కగదిలో ఉన్నట్టే అనిపించింది. ఇంటికెళ్ళాక, ఎందుకు తీయించానా అని నా మీద నాకే కోపమొచ్చింది." ఖాళీ ఉన్న కార్డు వైపు చూశాడు. "ఇప్పుడు దీని పేరేంటి?"

"ఏమీ లేదయ్యా."

గోడ గడియారంలో పదీ పది. ఇంకో యాభై నిమిషాల్లో డాక్టరు వస్తాడని ఒక్క మాట చెబితే ఆయన ఆ కుక్కను అప్పటికప్పుడు ఎత్తుకుని పోతాడని వెర్నాకు తెలుసు. నోటి దాకా వచ్చింది. జాలిపడి తీసుకెళ్ళినవాడు పదో రోజుకి తిరిగొస్తాడన్న మాట తను ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. ఆ మాట తన అవసరానికి మార్చుకోవడం ఆమె వల్ల కాలేదు. మింగేసింది.

"పేరు కోసమని కుక్కని తీసుకెళ్ళకండయ్యా" అంది. "ఇది ముసలిది. మహా అయితే రెండేళ్ళు ఉంటుంది. గురక పెడుతుంది. రొట్టె కనబడితే బల్ల ఎక్కేస్తుంది. రైలు కూత వినబడితే అది పోయేదాకా మొరుగుతుంది. ఒంటరిగా పడుకోదు, తలుపు దగ్గర నిలబడి మూలుగుతుంది. పిలిస్తే రాదు, దానికి రావాలనిపిస్తే వస్తుంది."

ఆయన శ్రద్ధగా విన్నాడు. "గురక మాట నాకు చెప్పకండి" అన్నాడు. "నలభై మూడేళ్ళు విన్నాను. ఇప్పుడు వినబడకే నిద్ర పట్టడం లేదు."

కాగితాల దగ్గర డార్లా పేరు అడిగింది. ఖాళీగా వదిలితే కౌంటీ కంప్యూటరు ఒప్పుకోదు. పాత పేరు రాయనా అని మెల్లగా అడిగితే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ పేరు తన నోటితో ఇంట్లో అనలేనని, ఆవిడ వింటే ఊరుకోదని చెప్పి, చివరికి "కుక్క అని రాయండి" అన్నాడు. కంప్యూటరు దానికి ఒప్పుకుంది. పదీ నలభైకి ట్రక్కు గేటు దాటింది. డాక్టరు వచ్చి మిగతావాటికి టీకాలు వేసి, వెర్నా చేసిచ్చిన కాఫీ తాగి వెళ్ళాడు. ఏడో గది కడుగుతుంటే పేపర్ల కింద సగం రొట్టె దొరికింది. దాన్ని పారేయడానికి ఆమెకు చాలాసేపు చేతులు రాలేదు.

కుక్క వెళ్ళిన ఇరవై ఒకటో రోజున తీసుకెళ్ళినవాళ్ళ ఇంటికి ఫోను చేసి మంచీచెడ్డా అడగడం వెర్నాకు మొదట్నుంచీ అలవాటు. ఆ రోజు పొద్దున్నుంచీ ఫోను వైపు వెళ్ళకుండా తిరిగింది. కుక్క వెనక్కి వస్తుందేమోనని ఇంతగా ఎప్పుడూ భయపడలేదు. మధ్యాహ్నానికి ఇక తప్పదని చేసింది.

హోలిస్ బాగానే మాట్లాడాడు. తిండి తింటోందని, రైలు సంగతి మీరు తక్కువ చేసి చెప్పారని అన్నాడు. ఏమని పిలుస్తున్నారని అడిగితే "అమ్మాయ్ అంటున్నాను. ఆ పేరుకి నోరు తిరగడం లేదమ్మా, ఏం చెయ్యను" అన్నాడు.

అంతలో అటువైపు కంచం పడిన చప్పుడైంది. కుర్చీ జరిగింది.

"ఓజెల్లా! వదలవే, వదులు, అది నా మొక్కజొన్న రొట్టె! ఓజెల్లా!"

ఆ తర్వాత చాలాసేపు ఏమీ వినబడలేదు. వెర్నా ఫోను చెవికి ఆనించుకుని అలాగే నిలబడింది. చివరికి ఆయన ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.

"వచ్చిందా మరి, పిలిస్తే?" అని అడిగింది.

"రాలేదు" అన్నాడు హోలిస్. "ఆవిడా వచ్చేది కాదు."