సైరన్ మోగితే వేసుకునే మాత్ర

గోదావరిఖని బస్టాండులో ఏడాది బిడ్డను ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చున్న అమ్మాయి, బొగ్గుబాయి సైరన్ మోగగానే సంచిలోంచి మాత్ర తీసి, నా నీళ్ల సీసా అడిగింది.

"జొరమా, బిడ్డా?" అన్నాను.

"కాదు పెద్దమ్మ, పిల్లలు కాకుండ. రోజూ రెండో షిఫ్టు సైరన్ వినంగనే ఏసుకుంట. గట్లయితే మర్చిపోను."

"మీ అత్తకు ఎరుకేనా?"

"గోలీలు ఆమెనే తెస్తది. ఆమెకు ఏడు కాన్పులు. ఒక్కపారన్న ఇంకో బిడ్డ కావాల్నా అని అడిగినోళ్లు లేరట."

సీసా మూత తీసి అందించాను.

కిందటి వారమే, మా కోడలు దిండు కింద దాచుకున్న అలాంటి మాత్రలను బొగ్గుల పొయ్యిలో పడేసింది నేనే.

మంచిర్యాలలో బస్సు దిగి నేరుగా మందుల షాపుకు వెళ్లాను. ఎవరికని అడిగితే, "మా కోడలికి" అని పక్కవాళ్లకు కూడా వినపడేలా చెప్పాను.