బండి ఇయ్యనన్న మిస్త్రీ కాక

మిస్త్రీ కాక పోయాడన్న వార్త తెలిసేసరికి నేను చేపల లోడుతో హయత్‌నగర్ మార్కెట్టులో ఉన్నాను. ఫోన్ చేసింది మా ఆయన. పొద్దున చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడట. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయిందట. గంపలు దింపి ఇబ్రహీంపట్నం దారి పట్టాను. ఎదురొచ్చే ప్రతి లారీ నా మీదికే వస్తున్నట్టు అనిపించింది. నా బండిని చూసుకునే మనిషి ఒకడున్నాడన్న ధీమాతో ఇన్నేళ్లు నడిపానని, ఆ ధీమా పోయాక గానీ నాకు తెలియలేదు.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండడు. సాగర్ రోడ్డు పక్కన బోర్డు కూడా లేని రేకుల షెడ్డు ఆయనది. పాత జీపులు, పాత ట్రక్కులు మాత్రమే రిపేరుకు పట్టేవాడు. కొత్త బండి వస్తే, "గది నాతోని కాదు, కంప్యూటర్ ఉన్నోని దగ్గరికి పో" అని పంపేసేవాడు. మాట్లాడే ముందు భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకోవడం ఆయన అలవాటు. ఫోన్లో మాట్లాడాలన్నా అంతే. రెండు చేతులూ తుడుచుకున్నాకే "ఆఁ, చెప్పు" అనేవాడు.

నేను ఆయన దగ్గరికి మొదటిసారి వెళ్లింది భయంతోనే. మాది చేపలు పట్టే కుటుంబం. మా ఆయనకు నడుము పట్టేసి బండి నడపలేని స్థితి వచ్చినప్పుడు, మా పాత ఫోర్ వీల్ ట్రక్కు స్టీరింగ్ నా చేతికొచ్చింది. నాలుగు చక్రాలూ లాగే బండి కాబట్టి చెరువు బురదలోకి దింపి, పడవ పక్కనే గంపలు ఎక్కించుకోవచ్చు. అయితే ముందు ఇరుసులోంచి నూనె కారేది. ఎడమ చక్రం లోపలి వైపు నల్లగా తడిసి ఉండేది. నూనెను ఆపే సీలు పోయిందని ఒక షెడ్డులో మార్పించాం. నెల తిరక్కుండానే మళ్ళీ కారింది. ఇంకో షెడ్డులో ఇంకో సీలు వేయించాం. అదీ అంతే.

ఆ తర్వాత ఒక పొద్దున కట్ట మీది నుంచి చెరువు వైపు దిగుతున్నాను. వెనక మా అత్త, ఇంకో ఐదుగురు ఆడవాళ్లు ఖాళీ గంపలతో కూర్చున్నారు. బ్రేకు తొక్కితే బండి ఆగలేదు, కుడి వైపుకు గుంజింది. కుడి పక్కన రాళ్లు, వాటి కింద లోతు నీళ్లు. స్టీరింగ్ ఎడమకు తిప్పి, గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు బలమంతా పెట్టి లాగాను. కుడి చక్రం అంచు మీదికొచ్చి ఆగింది. వెనక ఒక్కరూ అరవలేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. మా అత్త మెల్లగా దిగి, నడుచుకుంటూ ఇంటికి వెళ్లిపోయింది.

అలా చేరాను కాక షెడ్డుకు. చెప్పిందంతా విని ఆయన ఒకే ఒక్క మాట అడిగాడు, బండిని నీళ్లలో దింపుతావా అని. సగం చక్రం దాకా దింపుతానన్నాను. వెంటనే కిందికి దూరి, ఇరుసు నెత్తిన ఉన్న చిన్న గొట్టం విప్పి తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. దాని నిండా బురద, రాయిలా గట్టిపడి ఉంది. బండి నడిచాక ఇరుసు లోపల వేడెక్కుతుందట. ఆ గాలి పోవాల్సింది ఈ గొట్టంలోంచేనట. అది మూసుకుపోతే గాలి నూనెను సీలు మీదికి తోస్తుందట.

తర్వాత చక్రం, డ్రమ్ము విప్పి, చక్రాన్ని తిప్పే లోపలి షాఫ్టు బయటికి లాగాడు. శుభ్రంగా తుడిచి, సీలు కూర్చునే చోట నా గోరుతో గీకి చూడమన్నాడు. గోరు ఒక సన్నని గాడిలో దిగింది. ఎంత కొత్త సీలు వేసినా నూనె ఆ గాడిలోంచి జారిపోతుందట.

"సీళ్లు మంచియే ఏసిన్రు. గాలి పోయే తొవ్వ సూడలే, షాఫ్టు సూడలే. గిట్లయితే పది సీళ్లేసినా గంతే బిడ్డా."

షాఫ్టుకు లేతు మిషను దగ్గర తొడుగు వేయించాలన్నాడు. కారిన నూనె తాగి పట్టు పోయిన బ్రేకు లైనర్లు పారేసి కొత్తవి తెప్పించాలన్నాడు. దానికి రెండు రోజులు పడుతుంది. మరునాడే మా వాళ్లు పెద్ద వల వేస్తున్నారు. లైనర్లు పెట్రోల్లో కడిగి బిగించమని, ఒక్కరోజు గడిస్తే చాలని బతిమాలాను. ఆయన తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"బండి ఇయ్య."

నా బండి నాకు ఇవ్వకపోవడానికి నువ్వెవరని గట్టిగానే అడిగాను. ఆయనకు కోపం రాలేదు. స్టూలు మీద కూర్చుని, చేతులు తుడుచుకుని, ఆ గుడ్డను మడతపెట్టి మోకాలి మీద వేసుకున్నాడు. తర్వాత చెప్పాడు. వయసులో ఉన్నప్పుడు ఒక జీపుకు సరిగ్గా ఇలాగే చేశాడట. డ్రైవరు తొందరపెడితే లైనర్లు కడిగి, ఎండలో ఆరబెట్టి బిగించాడట. చూడ్డానికి కొత్తవాటిలాగే ఉన్నాయట. ఒక దిగుడులో బ్రేకులు వేడెక్కేసరికి, లోపలికి ఇంకిన నూనె పైకి తేలింది. జీపు బోల్తాపడింది. నడిపిన మనిషి బతికాడు గానీ మళ్ళీ నడవలేదు.

"గాయన మా చెల్లె మొగడు. గిన్నేండ్లాయె, ఎట్ల చేసినవన్నా అని మా చెల్లె ఒక్కనాడు నన్ను అడగలే. గా అడగకపోవుడే నాకు భయం."

తాళంచెవి అడగకుండానే ఇంటికి వచ్చేశాను. మరునాటి చేపలను ఆటోలో పంపించాం.

మూడో రోజు బండి సిద్ధమైంది. నన్ను కట్ట మీద నిలబెట్టి, తానొక్కడే దిగుడులో నడుపుకుంటూ పోయాడు. మూడుసార్లు ఆపాడు, మూడుసార్లూ బండి వంకర పోకుండా ఆగింది. పైకి వచ్చేసరికి చొక్కా చెమటతో వీపుకు అంటుకుని ఉంది. బాగుచేసిన ఏ బండినైనా ముందు తానే దిగుడులో తోలి చూసేవాడని తర్వాత తెలిసింది. అప్పుడు నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చున్నాడు. నా కాలు క్లచ్ మీది నుంచి లేవలేదు. నాకు భయంగా ఉందని చెప్పాను.

"నాకు గూడ ఉన్నది. భయం ఉంటే తప్పులేదు. అది ఎక్కడికెల్లి వస్తుందో దిగి సూడాలె, గంతే. సూసినం గద. ఇగ పోనియ్."

పోనిచ్చాను. నీళ్ల దగ్గరికి వెళ్లి బ్రేకు తొక్కాను. బండి తిన్నగా ఆగింది. వారం తిరక్కముందే మా అత్త మళ్ళీ గంప పట్టుకుని వెనక ఎక్కింది. బండిలో కూర్చున్నంతసేపూ పక్క కడ్డీని మాత్రం వదల్లేదు.

ఆయన్ను చివరిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు కాళ్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఆయన చెల్లెలని ఎవరో చెప్పారు. పక్కన కూర్చుని, నా బండి సంగతి, ఆవిడ అడగకపోవడమే తనకు భయమని ఆ రోజు ఆయన నాతో అన్న సంగతి చెప్పాను. చెప్పొచ్చో లేదో నాకు తెలియదు. ఆవిడ వాళ్లన్న కాళ్ల మీది గుడ్డ సర్దింది.

"అడుగుదామని మస్తుసార్లు నోటిదాక వచ్చింది బిడ్డా. అడిగితే మా అన్న పాణం తీసుకుంటడేమోనని భయపడ్డ" అంది.

ఇన్నేళ్లూ ఇద్దరూ ఒకరి గురించి ఒకరు భయపడుతూనే బతికారన్నమాట.

శ్మశానానికి పోయే దారి వాలుగా ఉంటుంది. ఆయన చేయి పడిన జీపులు, ట్రక్కులు ఆ దారి పొడవునా నిలిచాయి. ఎవరూ ఎవరికీ చెప్పకుండానే ప్రతి డ్రైవరూ దిగి, బండి జారకుండా చక్రం కింద ఒక రాయి పెట్టాడు. మరునాడు పొద్దున అటుగా వెళ్తుంటే, బండ్లు పోయాయి గానీ రాళ్లు అలాగే రోడ్డు మీద ఉన్నాయి. మోటారు సైకిళ్ల వాళ్లు తగిలి పడతారేమోనని బండి ఆపి, ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెట్టాను. రాత్రి వానకు దారంతా తడిసి ఉంది. రాళ్లు తీసిన చోట మాత్రం, పైనుంచి కింది దాకా వరసగా, అరచేయంత పొడి మచ్చలు.