మడత దగ్గర తెగిన వైరు: గురజాల దాటాక ఆరున్నర కిలోమీటర్లు

ఈ ప్రయాణానికి మూలం ఒక కాగితం. మా ఆవిడ విజయలక్ష్మి ఇరవై రెండేళ్ళుగా నరసరావుపేట పరిసరాల్లోని బడుల్లో పాఠాలు చెబుతోంది. ఈ వేసవిలో ఆమెకు ప్రధానోపాధ్యాయురాలిగా పదోన్నతి వచ్చింది. దానితో పాటు గురజాల దాటాక మాచర్ల రోడ్డు మీద బస్సు దిగి, ఆరున్నర కిలోమీటర్లు లోపలికి వెళ్ళవలసిన ఒక ఊరూ వచ్చింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. ఇది చదివి ఇంకెవరైనా ఆ బడిని కోరుకుంటారేమోనన్న ముందుజాగ్రత్త తప్ప ఇందులో వేరే రహస్యం లేదు. సోమవారం సాయంత్రం అయిదు గంటల లోపు సమ్మతమో, అసమ్మతమో రాతపూర్వకంగా తెలపాలి. అసమ్మతి పత్రాన్ని ఆమె శుక్రవారమే రాసి, సంతకం చోటు మాత్రం ఖాళీగా వదిలి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. కారణం ఆ ఆరున్నర కిలోమీటర్లే. ఆ దారిలో ఉన్నది ఒకే ఆటో. అది నిండితే గాని కదలదు. ఊరు చూసి వద్దామని అంతకు ముందు వారం వెళ్ళినప్పుడు అందులో ఆమె గంటా పది నిమిషాలు కూర్చుంది. "ప్రార్థన వేళకు హెడ్మిస్ట్రెస్సే రాకపోతే, ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని ఏ మొహంతో నిలబెట్టి అడగను?" అంది. కాపురం గురజాలకు మార్చినా ఆ ఆరున్నర అలాగే ఉంటుంది కనుక, ఆ ప్రతిపాదన చర్చకు రాకుండానే వీగిపోయింది.

మా ఇంట్లో ఒక మడత సైకిలు ఉంది. మూడేళ్ళ కిందట డాక్టరు సలహా మీద నా ఆరోగ్యం కోసం కొన్నాం. తరువాత మోకాలి నొప్పి వల్ల అదే ఆరోగ్యం కోసం వాడకం మానేశాను. అప్పటి నుంచి అది బాల్కనీలో తువ్వాళ్ళు ఆరేసే బాధ్యతను ఏ ఫిర్యాదూ లేకుండా నిర్వహిస్తోంది. దానికి మోటారు బిగిస్తే బస్సులో వెంట తీసుకువెళ్ళి, దిగినచోట విప్పి తొక్కుకుంటూ పోవచ్చన్న ఆలోచన శుక్రవారానికి పది రోజుల ముందే నాకు వచ్చింది. గృహస్థు హోదాలో ఆమోదించుకుని, ఆన్‌లైన్లో కిట్ తెప్పించాను. బ్యాటరీతో కలిపి ఇరవై రెండు వేలయింది. అందులో మోటారు ముందు చక్రం మధ్యలోనే అమర్చి వస్తుంది. దానితో పాటు బ్యాటరీ, కంట్రోలరు అనే ఒక చిన్న పెట్టె, హ్యాండిలుకు పెట్టుకునే ఒక మీట, చాలినన్ని వైర్లు, ఎవరికీ అర్థం కాని ఒక పుస్తకం ఇస్తారు. రెండు వందల యాభై వాట్ల మోటారు, గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు దాటదు కాబట్టి రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ అక్కరలేదని అమ్మినవారు చెప్పారు.

బిగించే పని మా వీధి చివర బోరు మోటార్లకు వైండింగు చుట్టే మస్తాన్‌కు అప్పగించాను. ఎండాకాలం అతనికి ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అయినా టీచరమ్మ పని అనేసరికి, విప్పి ఉన్న పదిహేను హార్స్‌పవర్ మోటారును పక్కకు జరిపి, మా చక్రాన్ని ఒంటి చేత్తో లేపి చూశాడు.

"ఏంది సార్, ఇదీ మోటారేనా? దీన్ని బోర్లో దించితే చెంబుడు నీళ్ళు కూడా రావు."

"ఇది నీళ్ళకు కాదు మస్తాన్, మీ టీచరమ్మను బడికి చేర్చడానికి."

"అట్టయితే గట్టిగానే కట్టాలి" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. మోటారు ముందు చక్రంలో ఉంటుంది, బ్యాటరీ సీటు కింద ఉంటుంది. ఆ రెంటినీ కలిపే వైరు సైకిలు నడుం మీదుగా పోవాలి. మస్తాన్ దాన్ని వీణ తీగలాగా లాగి, నాలుగు వేళ్ళకొక కట్టు చొప్పున నైలాన్ తాడుతో బిగించాడు. "బోర్లో వైరు వదులుగా ఉందనుకో సార్, గోడకి రాసుకుని రాసుకుని కోసుకుపోద్ది. నేను కట్టిన వైరు జరిగిందని పల్నాడులో ఎవడన్నా అంటే షాపు మూసేస్తా" అని హామీ ఇచ్చాడు. శనివారం సాయంత్రం వీధిలో పరీక్ష నిర్వహించాం. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని విజయలక్ష్మి రెండు చుట్లు మామూలుగా తొక్కింది. మూడో చుట్టుకు మీట నొక్కి, "ఓరి దేవుడో" అంటూ వీధి చివరిదాకా పోయి, తిరిగి వచ్చేటప్పుడు బెల్లు కొట్టుకుంటూ వచ్చింది. తొక్కి చూశాం. బ్రేకు పట్టి చూశాం. లైటు వేసి చూశాం. మడిచి మాత్రం చూడలేదు.

ఆదివారం ఉదయం అయిదూ నలభై బస్సుకు బయలుదేరాం. రోజూ బడికి పోవాలంటే ఇదే బస్సు కనుక, పరీక్ష కూడా ఇదే బస్సులో జరగాలని ఆమె పట్టుబట్టింది. పిడుగురాళ్ళ దాకా పోయే ఆ బస్సులో మాతో కలిపి తొమ్మిది మందిమి. కండక్టరు సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇది సైకిలా, బండా, లగేజా?" అని అడిగాడు. "మడిస్తే లగేజీ, విప్పితే సైకిలు, మీట నొక్కితే బండి" అని వివరించాను. అతను టికెట్ మిషన్ వంక చూసి, "ఈ మూడూ కలిసింది దీంట్లో లేదు సార్. లగేజీ కొడతా. మడిచేదేం వద్దులే, వెనక ఖాళీగానే ఉందిగా, నిలబెట్టుకోండి" అన్నాడు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం కాబట్టి విజయలక్ష్మికి సున్నా టికెట్. సైకిలుకు ముప్పై రూపాయలు. నాకు ఈ బస్సుకూ, పిడుగురాళ్ళలో మారే బస్సుకూ కలిపి వంద దాటలేదు. కుటుంబంలో ఎవరి విలువ ఎంతో ప్రభుత్వ పత్రం మీద ముద్రించి చూపడం నాకు ఇదే మొదటిసారి.

ఏడింటికి ముందే పిడుగురాళ్ళ చేరాం. సున్నపు బట్టీల పొగ మధ్యనే సూర్యుడు పైకి వచ్చి విధుల్లో చేరాడు. బస్టాండు బయట ఇడ్లీ తిని, ఏడు గంటల మాచర్ల బస్సు దగ్గరకు పోయేసరికి మెట్ల మీద కూడా జనం ఉన్నారు. ఈ కండక్టరు వివరణలు వినే స్థితిలో లేడు. "మడిచేదుంటే ఎక్కించు, లేకపోతే దించు" అన్నాడు. బ్యాటరీ తీసి విజయలక్ష్మి చేతికిచ్చి, సైకిలు నడుం దగ్గర కొక్కెం విప్పి మడిచాను. సగంలో మొరాయించింది. మూడేళ్ళ తువ్వాళ్ళ సేవ వల్ల కీలు బిగుసుకుందనుకుని మోకాలు ఆనించి నొక్కాను. లోపల ఎక్కడో టిక్కుమంది. మడత పడింది. ఆ శబ్దాన్ని నేను విజయసూచకంగా నమోదు చేసుకున్నాను.

ఎనిమిదీ అయిదుకు స్టేజీ దగ్గర దిగాం. ఒక టీ బంకు, ఒక వేపచెట్టు, లోపలికి పోయే తారురోడ్డు, ఆ రోడ్డు మీద కనుచూపు మేర నాపరాళ్ళ గుట్టలు. ఖాళీ ఆటో నీడన నిలబడి ఉంది. దాని డ్రైవరు వెనక సీట్లో పడుకుని ఉన్నాడు. సైకిలు విప్పాం. బ్యాటరీ పెట్టాం. విజయలక్ష్మి సీటు మీద కూర్చుని మీట నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. నడుం కీలు దగ్గర వైరు తెగి, రాగి తీగలు బయటికి వచ్చి మమ్మల్ని చూస్తున్నాయి. మస్తాన్ మాట తప్పలేదు. వైరు జరగలేదు, అందుకే తెగింది.

విజయలక్ష్మి సైకిలు దిగింది. వేపచెట్టు కింద సిమెంటు దిమ్మె మీద కూర్చుని, హ్యాండ్‌బ్యాగు తెరిచి, ఆ కాగితం బయటికి తీసింది.

"ఏమండీ, పెన్ను ఉందా?"

నా జేబులో రెండు పెన్నులున్నాయి. "లేదు" అన్నాను. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగ జీవితంలో తప్పుడు సమాచారం ఇచ్చిన దాఖలా నాకు లేదు.

"జేబులో కనపడుతున్నవేంది?"

"వాటిలో ఇంకు లేదు."

"రెంటిలోనూనా?"

"రెంటిలోనూ."

ఆమె నన్ను కొంచెంసేపు చూసి, కాగితాన్ని ఒళ్ళో పరుచుకుంది. "పదింటికి తిరుగు బస్సుంది. దాంట్లో పోదాం. పదోన్నతి లేకపోతే ఎవరూ చచ్చిపోరు" అంది. కళ్ళు మాత్రం లోపలికి పోయే రోడ్డు మీదే ఉన్నాయి.

రోడ్డుకు అవతల చేలో ముక్కాలి స్తంభం నిలబెట్టి కొందరు బోరులోంచి పైపులు పైకి లాగుతున్నారు. వాళ్ళలో ఒకతను తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పుకుంటూ టీ కోసం వచ్చాడు. పేరు కోటయ్య. టీ గ్లాసు అందుకుంటూ సైకిలు వైపు చూసినవాడు, గ్లాసు బల్ల మీద పెట్టేసి దగ్గరకు వచ్చి వంగి, నైలాన్ కట్లను వేలితో మీటాడు.

"ఈ కట్టు కట్టింది నర్సరావుపేట మస్తాన్ గదా?"

"మీకెట్లా తెలుసు?"

"నాలుగేళ్ళు ఆయన కాడే పని నేర్చుకున్నా సార్. ఈ ముడి మొదట్లో నాకు చానా మొట్టికాయలు పెట్టించింది" అని అక్కడే ఫోను తీసి, అందరికీ వినపడేట్టు పెట్టాడు. "మస్తాన్ భాయ్, నీ వైరు తెగింది!"

"నోరు ముయ్యరా. నా వైరు తెగటమేంది?" అంది ఫోను.

"మడత కాడ లాగి కట్టావు. సైకిలు మడిచారు, తెగింది."

"మడిచారా? మోటారు పెట్టింతర్వాత ఎవరన్నా మడుస్తారంటరా? బోర్లో దించిన పైపు మడుస్తామా?" అని ఫోను నిజాయితీగా ఆశ్చర్యపోయింది. కోటయ్య పడీ పడీ నవ్వాడు. దిమ్మె మీద నుంచి కూడా ఒక నవ్వు వినపడింది. ఆ రోజుకు అది మొదటిది.

కోటయ్య ముందు బ్యాటరీ తీయించాడు. కీలుకు అటూ ఇటూ ఉన్న కట్లు కోసి, తన సంచిలోంచి జానెడు వైరు ముక్క తీసి, రెండు వైపులా అతుకు వేసి, ఒక్కో తీగకూ విడివిడిగా రబ్బరు టేపు, దాని మీద నల్ల టేపు చుట్టాడు. "ఇది మూడొందల అడుగుల నీళ్ళల్లో ఉన్నా ఏం కాదక్కా" అని విజయలక్ష్మికి చెప్పాడు. మడత దగ్గర వైరును ఉంగరంలా వదులుగా వదిలి, సైకిలును పదిసార్లు మడిచి విప్పాడు. టీ తాగుతున్నవాళ్ళు పైకి లెక్కపెట్టారు. నేను ఇవ్వబోయింది పుచ్చుకోలేదు. చల్లారిపోయిన టీకి బదులు వేడి టీ మాత్రం తాగాడు.

మీట నొక్కగానే ముందు చక్రం సన్నగా గుయ్యిమంది. విజయలక్ష్మి కాగితాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, కొంగు నడుముకు చుట్టి దోపుకుంది. "మీరు ఇక్కడే ఉండండి. రోజూ నా వెనక మీరు రారుగా" అంది. తొమ్మిదీ ఇరవైకి బయలుదేరింది. మొదటి రెండు కిలోమీటర్లు ఎత్తే. గుట్ట మలుపు దాకా ఆమె కనిపించింది. ఒక్కసారి కూడా దిగి నడిపించలేదు.

పోను ఇరవై అయిదు నిమిషాలు, రాను అంతే, బడి చూడటానికి పది; పదీ ఇరవైకి తిరిగి రావాలని నేను అంచనా వేశాను. పదింటికి తిరుగు బస్సు వచ్చి, మాకోసం ఆగి, వెళ్ళిపోయింది. పదీ ఇరవై అయింది. పదీ ముప్పై అయింది. ఫోను అందుబాటులో లేదన్న ప్రకటన మూడు భాషల్లో విన్నాను. టీ బంకు ఆమె నా వంక చూసి, "వచ్చిద్దిలే అన్నా. ఆ రోడ్డుకు పక్కదారి లేదు, తప్పిపోదామన్నా కుదరదు" అని ధైర్యం చెప్పింది. ఇంతలో, మధ్యలో ఎప్పుడో నిండి ఊళ్ళోకి పోయిన ఆటో తిరిగి వచ్చింది.

"సైకిలు మీద ఒకామె..." అని అడగబోయాను.

"టీచరమ్మే గదా? తొక్కకుండానే ఎక్కుతుంది సార్ గుట్ట! బడి కాడుంది. గేటు తీయించుకుని కిటికీలు లెక్కబెడతంది."

పదకొండుకు అయిదు నిమిషాలు ఉందనగా గుట్ట మలుపులో బెల్లు వినపడింది. మొహం ఎండకు కందిపోయి ఉంది. దిగి, స్టాండు వేసి, నా వైపు రాకుండా తిన్నగా రోడ్డు దాటి చేలోకి పోయింది.

"కోటయ్యా! మా బడిలో బోరు పనిచేయటం లేదంట. వేసవి సెలవులకు ముందే ఆగిందంట. పిల్లలు వచ్చేలోగా ఒకసారి వచ్చి చూస్తావా?"

"అట్టాగే అక్కా. బుధవారం వస్తా" అన్నాడు కోటయ్య.

"మా బడి" అన్న మాటను నేను ఎవరి దృష్టికీ తీసుకురాలేదు. ఆమె వచ్చి పక్కన కూర్చుని కాగితం నా చేతిలో పెట్టింది. ముందు వైపు అసమ్మతి పత్రం అలాగే ఉంది, సంతకం చోటు ఖాళీగానే ఉంది. వెనక వైపు నిండిపోయి ఉంది: బోరు. నాలుగు కిటికీ తలుపులు. రెండో గది నల్లబల్లకు రంగు. వంటగదికి గొళ్ళెం. సైకిలు పెట్టుకోను నీడ.

"పెన్ను ఎక్కడిది?" అని అడిగాను.

"వంట చేసే ఆమె ఇచ్చింది. అక్కడి పెన్నుల్లో ఇంకు ఉంది" అంది.

సోమవారం నాలుగు గంటలకు సమ్మతి పత్రం అందజేశాం. ఆ పాత కాగితం మాత్రం ఆమె హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. వెనక వైపు జాబితాలో ఇప్పటికి ఒక పని కొట్టివేయబడింది: బోరు. వానాకాలంలో ఆ రోడ్డు ఎలా ఉంటుందో, కిక్కిరిసిన బస్సులో పందొమ్మిది కిలోల సైకిలు రోజూ ఎవరు ఎక్కిస్తారో నాకు తెలియదు. ఆమెకూ తెలియదు. కానీ ఆదివారం సాయంత్రం ఇంటికి వచ్చాక చూస్తే బ్యాటరీలో అయిదు గీతలకు మూడు మిగిలి ఉన్నాయి. అంత మిగులుతో మొదలైన పని నా ఎరుకలో ఇదొక్కటే. మస్తాన్ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు పిలిచి, బ్యాటరీ మీద వాన పడకుండా రబ్బరుతో కుట్టిన ఒక సంచి చేతిలో పెట్టాడు. బాల్కనీలో తువ్వాళ్ళు ప్రస్తుతం నా కుర్చీ మీద ఆరుతున్నాయి.

ఈ మార్గంలో వెళ్ళదలచిన వారికి ఒకే ఒక సూచన. మడత సైకిలుకు మోటారు బిగించుకున్నాక తొక్కి చూడబోయే ముందు, బ్యాటరీ తీసి, ఇంటి గుమ్మం ముందే పదిసార్లు మడిచి విప్పండి. కీలు దగ్గర వైరు జానెడు వదులుగా వేలాడుతుంటేనే బస్సెక్కండి.