ఎమిల్ దుర్కో రెండంగుళాలు

ఎమిల్ దుర్కో గురించి చెప్పాలంటే నా పిరుదుల దగ్గర మొదలుపెట్టాలి. పెద్దలు క్షమించాలి, వేరే దారి లేదు. కెటిల్‌బెండ్ హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో వంగి నిలబడి, కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందించేవాణ్ణి నేను. నా వెనకాల చేతులు చాచి దాన్ని అందుకుని, ముందుకు పరిగెత్తే మా వాళ్లకి విసిరే క్వార్టర్‌బ్యాక్ వాడు. దాదాపు రెండు సీజన్లు, ప్రతి శుక్రవారం సాయంత్రం, వాడి చేతులు నా కిందే ఉండేవి. అలాంటి ఇద్దరి మధ్య రహస్యాలు నిలవకూడదు. ఒకటి నిలిచింది. మూడేళ్లు నిలిచింది. నిలబెట్టింది నేనే.

మా ఊళ్లో క్వార్టర్‌బ్యాక్ అంటే ఎలా ఉండాలో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. మంగలి షాపు పక్క గోడ మీద రంగుల్లో బొమ్మ ఉంది. తాటిచెట్టంత మనిషి, పలకలాంటి దవడ, మోచెయ్యి పైకెత్తి చెవి పక్కనుంచి బంతి వదులుతుంటాడు. ఆ బొమ్మ ఎవరిదో ఎవరికీ తెలీదు. గీసినవాణ్ణి అడిగితే వాడికీ తెలీదన్నాడు. ఉక్కు మిల్లు మూతపడ్డాక ఊళ్లో ఎత్తుగా మిగిలినవి రెండే, మిల్లు పొగగొట్టం, ఆ బొమ్మ. జనం తలెత్తి చూడటానికి ఏదో ఒకటి కావాలి కదా.

వేన్ ట్రోస్ట్ సరిగ్గా ఆ గోడలోంచి ఊడిపడ్డట్టు ఉండేవాడు. వాడు నడుస్తుంటే తల్లులు నిట్టూర్చేవాళ్లు. వాడు విసిరిన బంతి మాత్రం రెక్క విరిగిన బాతులా కొట్టుకుంటూ వెళ్లి, ఎవరికి చేరాలో వాడికి తప్ప అందరికీ చేరేది. అయినా సరే, మొదటి రెండేళ్లూ మా కోచ్ మెక్‌గ్లిన్ వాణ్ణే ఆడించాడు. చూడ్డానికి అలా ఉన్నవాడు ఎప్పటికైనా అలా ఆడతాడని ఆయన నమ్మకం.

ఎమిల్ చూడ్డానికి పోస్టు కవర్లు పంచేవాడిలా ఉండేవాడు. అమ్మానాన్నా లేరు, వాళ్ల బాబా పెంచింది. బాబా అంటే మా వైపు స్లోవాక్ ఇళ్లల్లో నాయనమ్మ. చలికాలం నాలుగు నెలలూ బయట మంచు కాబట్టి, వాడు ఇంటి కింద నేలమాళిగలో విసరడం నేర్చుకున్నాడు. అక్కడ పైకప్పు తలకి తగిలేంత కిందికి ఉంటుంది, దాని కింద ఇంకా కిందికి నీళ్ల పైపులు. ఆ చివర బట్టల బుట్ట. ఆ పక్కనే బాబా ఊరేసిన క్యాబేజీ జాడీలు. చెయ్యి పైకెత్తితే పైపు పగులుతుంది, గురి తప్పితే జాడీ పగులుతుంది. రెంటిలో ఏది పగిలినా బాబా చీపురుతో దిగేది.

"పైపు పగలాలి, నీ నెత్తి మీద రొట్టె కాలుస్తా!"

అందుకని వాడి చెయ్యి పక్కనుంచి వచ్చేది. చెరువు మీద పెంకు విసిరినట్టు, మణికట్టు ఒక్క తిప్పు, అంతే. బంతి తిరుగుతూ, బల్లమీద జారినట్టు పోయేది. ఎంత త్వరగా వదిలేవాడంటే, నేను వాడి చేతిలో పెట్టి తలెత్తేసరికి అది అవతల ఎవడి చేతుల్లోనో ఉండేది.

"ఏమిట్రా ఆ విసరడం?" అని కోచ్ అరిచేవాడు. "అంట్ల నీళ్లు పారబోస్తున్నావా?"

"చేరింది కదా కోచ్."

"చేరింది. చూడ్డానికి బాగాలేదు."

మూడో ఏడు వేన్ చీలమండ బెణికింది. కోచ్ బల్లమీద కూర్చున్న మిగతావాళ్లని ఒక చివర నుంచి ఇంకో చివరకి రెండుసార్లు చూసి, వేరే గతి లేక ఎమిల్‌ని పంపాడు. ఎదుటివాళ్లు మాకంటే పెద్దవాళ్లు, చేతులు పైకెత్తి గోడలా నిలబడ్డారు. వాడు వాళ్ల పైనుంచి విసరలేదు. చంకల కిందనుంచి విసిరాడు. నేలమాళిగలో పైపుల కింద నేర్చిన విద్య. నాలుగు సార్లు గీత దాటాం. మరుసటి రోజు మంగలి షాపులో నేను జుట్టు కత్తిరించుకుంటుంటే ఒక ముసలాయన అన్నాడు: "బాగానే ఆడాడు పొట్టోడు. వేన్ ఉండుంటే ఇంకో రెండు వచ్చేవి."

వేన్ కాలు బాగయ్యాక కూడా ఎమిల్ స్థానం ఎమిల్‌దే అయింది. ఊరు ఒప్పుకుంది కానీ, ఇష్టంలేని అల్లుణ్ణి ఒప్పుకున్నట్టు ఒప్పుకుంది.

ఇప్పుడు ఆ కరపత్రం సంగతి చెప్పాలి. ఆట రోజున గేటు దగ్గర నాలుగు పేజీల కాగితం అమ్ముతారు. అందులో ప్రతివాడి పేరు, చొక్కా నంబరు, ఎత్తు, బరువు ఉంటాయి. చర్చిలో ఉన్న టైపు మిషను మీద మా అమ్మ కొట్టేది. ఎత్తుకి రెండంగుళాలు కలపడం ఆనవాయితీ. మేమొక్కళ్లమే కాదు, ఆ నది పొడుగునా అన్ని ఊళ్లూ కలుపుతాయి. యూనివర్సిటీల నుంచి ఆటగాళ్లని ఏరుకోవడానికి వచ్చే మనుషులు ఆ రెండూ తీసేసి చదువుకుంటారు. వాళ్లు తీసేస్తారని మేం కలుపుతాం, మేం కలుపుతామని వాళ్లు తీసేస్తారు. ఎవరూ ఎవర్నీ మోసం చేసినట్టు కాదు.

ఆఖరి ఏడు అక్టోబరులో కోచ్ ఎమిల్‌ని గదిలోకి పిలిచాడు. నన్ను పిలవలేదు కాబట్టి నేను తలుపు దగ్గర బూటు లేసు కట్టుకుంటూ పదకొండు నిమిషాలు గడిపాను.

"ఆఖరి ఆటకి యూనివర్సిటీ నుంచి ఒకాయన వస్తున్నాడు, నీకోసమే. నచ్చితే నాలుగేళ్ల చదువు ఉచితం, తిండీ గదీ వాళ్లదే. కానీ ఒక్కటి విను. ఐదడుగుల పదకొండు అంగుళాలు వాళ్ల లెక్క. దానికి వెంట్రుకవాసి తగ్గినా క్వార్టర్‌బ్యాక్‌గా చూడరు."

"ఉన్నాను కోచ్."

"ఉన్నావా?"

"ఆగస్టులో నర్సు కొలిచింది. సరిగ్గా ఐదు పదకొండు."

నిజమే. ఆ ఎండాకాలమే వాడు ఆ చివరి అంగుళం పెరిగాడు. కొలిచిన రోజు పరిగెత్తుకుంటూ ఇంటికెళ్తే, బాబా నర్సుని నమ్మక, నేలమాళిగ గుమ్మానికి వాణ్ణి ఆనించి, కుట్టుమిషను టేపుతో మళ్లీ కొలిచింది. తర్వాత క్యాబేజీ వేసిన నూడుల్సు గంపెడు వండింది. "ఇంక పెరగకు. ప్యాంట్లు నేనే కదా కుట్టాలి" అంది. అంటూ కళ్లు తుడుచుకుంది.

వాడికి ఇంకేం కోరిక లేదు. మిగతా మేమందరం రోజుకో కల కనేవాళ్లం. వాడు ఒక్కటే కన్నాడు. ఆ గోడమీది బొమ్మలా లేకపోయినా తను కూడా క్వార్టర్‌బ్యాకేనని ఎవరో ఒకరు, మా ఊరివాడు కానివాడు, చెప్పాలి.

నేనేం చేశానో ఇప్పుడు చెబుతాను. అప్పటికే నేను కోచ్ ఈలలో పిప్పరమెంటు పెట్టినవాణ్ణి, చర్చి గంట తాడుకి వేన్ ప్యాంటు కట్టినవాణ్ణి. ఆఖరి ఆట కరపత్రం కొట్టే రోజు అమ్మకి జ్వరం. నన్ను కొట్టమంది. నా పక్కన పాత జాబితా ఉంది, నర్సు ఆగస్టులో రాసిన అసలు కొలతల కాగితమూ ఉంది. నాకు నవ్వొచ్చింది. జట్టు మొత్తానికీ నిజం రాసేశాను. ఆరడుగుల నాలుగు అని గొప్పలు పోయే వేన్‌ని ఆరడుగుల రెండు చేశాను. నా బరువూ నిజమే రాశాను, ఆ అంకె చూసి టైపు మిషను కూడా ఒకసారి ఆగింది. ఎమిల్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆట పట్టించాలనిపించలేదు. గర్వమనిపించింది. అందరికీ అబద్ధం కావాలి, వీడికి నిజమే సరిపోతుంది అనుకుంటూ కొట్టాను: ఐదడుగుల పదకొండు.

శుక్రవారం గేటు దగ్గర నవ్వులే నవ్వులు. "వేన్, వానకి కుంచించుకుపోయావా?" అని ఎవరో అరిచారు. ఎమిల్ కాగితం చూసి నా హెల్మెట్ మీద చెయ్యి వేసి తట్టాడు.

"నిజం రాశావేంట్రా రిచీ!"

"నువ్వొక్కడివే దాన్ని తట్టుకున్నావు."

ఆ సాయంత్రం వాడు విసిరినట్టు నేను మళ్లీ ఎవర్నీ చూడలేదు. ఇరవై రెండు విసిరితే పంతొమ్మిది చేరాయి. పై వరసలో, మెడకి టై కట్టుకుని, ఒళ్లో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్న ఒకే ఒక్క మనిషి నాకు మైదానం నుంచి కనబడుతూనే ఉన్నాడు. మూడో భాగం మధ్యలో చూస్తే లేడు. కిందికొస్తున్నాడు, కోచ్‌తో మాట్లాడతాడు అనుకున్నాను. రాలేదు.

ఆట అయిన మర్నాటి పొద్దున చివరి ఏడు చదివేవాళ్లం మెట్ల వరసలు ఊడవడం మా దగ్గర పద్ధతి. పై వరస నాకు పడింది. ఫ్లాస్కు పెట్టిన చోట కాఫీ ఉంగరం, పక్కనే మడిచి పారేసిన కరపత్రం. తెరిచాను. ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో రెండు తీసేశాడు, అలవాటు చొప్పున, చకచకా. వేన్‌కి ఆరు అడుగులు మిగిలాయి. ఎమిల్ పేరు పక్కన పదకొండు కొట్టేసి తొమ్మిది. దాని చుట్టూ సున్నా. కింద చిన్న అక్షరాల్లో: "చెయ్యి చాలా బాగుంది. ఇంత త్వరగా వదిలేవాణ్ణి ఈ ఏడు చూడలేదు. పాపం, పొట్టి."

మూడు వరసల కింద ఎమిల్ ఈల వేసుకుంటూ ఊడుస్తున్నాడు.

నేను ఆ కాగితం సాక్సులో పెట్టుకున్నాను.

ఆ రోజే కోచ్ దగ్గరకి పరిగెత్తి ఉంటే, ఆయన ఒక ఫోను చేసి ఉంటే సరిపోయేదేమో. నాకు తెలుసు. భయమేసింది. సోమవారం చెబుదామనుకున్నాను. సోమవారం కూడా వచ్చి వెళ్లిపోయింది. రెండు వారాలకి రెండు వాక్యాల ఉత్తరం వచ్చింది, ఇప్పటికి ఖాళీ లేదు అని. కారణం రాయలేదు. కారణం కోచ్ చెప్పాడు.

"నీ చెయ్యేరా కారణం. నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. పక్కనుంచి విసిరేవాణ్ణి ఎవడు తీసుకుంటాడు?"

ఆ మాట వాడు నమ్మాడు. అందరూ పదేళ్లుగా అంటున్న మాటే, ఇప్పుడు ఉత్తరం కూడా అన్నట్టయింది. ఆ వసంతం నుంచి వారానికి ఆరు రోజులు, గోడమీది బొమ్మలా చెవి పక్కనుంచి విసరడం నేర్చుకున్నాడు. కంచె మీద చీపురు కట్టి, దాని పైనుంచి విసిరేవాడు. బంతులు ఏరి తెచ్చిచ్చింది నేను.

రెండు గంటల దూరంలో ఓ చిన్న కాలేజీ ఉంది. డబ్బు కట్టి చేరిన ఎవణ్ణైనా జట్టులోకి రానిచ్చి చూస్తుంది. అక్కడ రెండేళ్లు ప్రయత్నించాడు. రెండో ఏడు సెప్టెంబరులో భుజంలో ఏదో తెగింది. కోశారు, కుట్టారు. చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది, పక్కనుంచి తిప్పినా నొప్పే. తిరిగొచ్చి స్కూలు బస్సు నడుపుతున్నాడు. బాబా పోయింది. ఇల్లు వాడిదే, జాడీలు ఖాళీ.

ఈ మార్చిలో, శుక్రవారం, అగ్నిమాపక వాళ్ల హాల్లో చేపల విందుకి వెళ్లాం. వాడు ఎడమ చేత్తో తింటున్నాడు. ఎవరో పాత ఆట గుర్తుచేశారు. వాడు నవ్వాడు.

"నా వంకర చెయ్యి చూసి ఆయన మధ్యలోనే లేచిపోయాడు పాపం. ఆయన తప్పేముంది."

నేను పర్సులోంచి ఆ కాగితం తీసి వాడి పళ్లెం పక్కన పెట్టాను. ఎక్కడ దొరికిందో, అంకెలు ఎందుకలా ఉన్నాయో చెప్పాను. తలెత్తకుండా చెప్పాను.

వాడు రెండుసార్లు చదివాడు. వేలు 'చాలా' అన్న మాట మీద ఆగింది.

"ఎప్పట్నుంచి ఉంది నీ దగ్గర?"

"ఆ మర్నాటి నుంచి."

"నేను చెయ్యి మార్చుకుంటున్నప్పుడు?"

"ఉంది."

"బంతులు ఏరిచ్చావు కదరా."

చేప ముళ్లు ఒక్కొక్కటీ ఏరి పళ్లెం అంచున పెట్టాను.

"నువ్వు రాసింది నిజమే కదా, దానికేం అనను" అన్నాడు. "కానీ నువ్వు చెప్పుంటే నేను నా చెయ్యి నాకు ఉంచుకునేవాణ్ణి."

కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. చేప సగం వదిలేసి వెళ్లిపోయాడు. ఐదు నెలలు నాతో మాట్లాడలేదు. బస్సు మా వీధిలోంచే వెళ్తుంది. నేను అరుగు మీద నిలబడితే వాడు అద్దం సర్దుకునేవాడు.

ఆగస్టులో మా అమ్మ దగ్గరికొచ్చి కరపత్రం పని ఇకనుంచి తను చూస్తానన్నాడట. కొలతల రోజు పొద్దున మా ఇంటి ముందు హారను మోగింది. బస్సు తలుపు తెరిచి ఉంది.

"ఎక్కు."

ఎక్కాను. స్కూలు వ్యాయామశాల ముందు ఆపాడు. అక్కడ కొత్త జట్టు గోడ దగ్గర చెప్పులిప్పి వరసలో నిలబడి ఉంది. వాడు పెన్సిలు తీసి, కొలకర్ర నా చేతికిచ్చాడు.

"నువ్వు పట్టుకో. నాది అంత పైకి లేవదు."

నేను ఒక్కొక్కడి నెత్తి మీదా కర్ర ఆనించి అంకె చదివాను. వాడు ప్రతి అంకెకీ రెండు కలిపి రాశాడు. ఒక చిన్నవాడు కాగితంలోకి తొంగిచూసి, "సార్, నేను అంత లేను" అన్నాడు.

"ఉన్నావు" అన్నాడు ఎమిల్. "ఎవరడిగినా ఉన్నావు. రిచీ, తర్వాతి వాడు."